కత్తిపీట మీద మాత్రలు

భావనపాడు ఒడ్డుకి పడవ చేరితే చేపల్ని కుప్పలు పోసి వాటాలు పంచేది మా అన్నయ్యే. జ్వరమొచ్చి ఆ రోజు వేటకి రానివాడికి కూడా ఒక కుప్ప పక్కన పెడతాడు. రానివాడి వాటా తినకూడదని మా నాన్న నేర్పిన మాట.

అన్నయ్యకీ వదినకీ హెచ్‌ఐవీ ఉందని తెలిసి చాలా ఏళ్లయింది. రోజూ మాత్ర వేసుకుంటూ, ఆయన వేటకి పోతూ, ఆవిడ చేపలు ఎండబెడుతూ నలుగురిలాగే బతికారు. మందు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ఆసుపత్రి గోడ నిండా అదే రాత. కిందటేడు ఆ గోడకి కొత్త రంగు పడింది గానీ అలమరలోకి మందు రాలేదు. నిధులు ఆగాయట. ఎక్కడ ఆగాయని అడిగితే వేలు పైకి చూపించారు. పైన ఫ్యాను తిరుగుతోంది.

ఆ రోజు వరసలో అన్నయ్య ముందు, వదిన వెనక. అన్నయ్యకిచ్చిన డబ్బాతో మందు అయిపోయింది. వదినని వచ్చే వారం రమ్మన్నారు. వెళ్తే మళ్లీ వచ్చే వారం అన్నారు.

నేను వాళ్లింటికి వెళ్లేసరికి అన్నయ్య కత్తిపీట ముందు కూర్చుని మాత్రల్ని సగానికి కోస్తున్నాడు.

"ఏటన్నయ్యా ఇది? డాట్టరుని అడిగినావా?"

"అడగడానికేటుందే? నానొక్కన్నే మింగీసి, దాన్ని సూత్తా కూకోమంటావా?"

వదిన నవ్వింది. "పెళ్లయిన ఇన్నాళ్లకి నాకూ సమంగా వాటా పెట్టినాడు మీ అన్న!"

ముగ్గురం నవ్వుకున్నాం. అది న్యాయంగానే తోచింది.

సగం మాత్ర రోగాన్ని అణచదు, మందుకి లొంగకుండా మొండిదాన్ని చేస్తుంది. డాక్టరు ఆ సంగతి చెప్పేసరికి వదినకి టీబీ కూడా పట్టుకుని, మనిషి మంచానికి అంటుకుపోయింది. అన్నయ్యని ఆ డాక్టరు నానా మాటలూ అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఖాళీ అలమరని మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు.

వానలు మొదలవకముందే వదిన పోయింది.

అన్నయ్యకి మందు మార్చారు. మొన్న నేనే తోడు వెళ్లాను. మందులిచ్చే అమ్మాయి నిండు డబ్బా చేతిలో పెట్టి, "ఇప్పుడేం కొరత లేదు బాబూ" అంది సంతోషంగా.

ఇంటికొచ్చాక మాత్ర అరచేతిలో పెట్టుకుని కత్తిపీట ముందు కూర్చున్నాడు. నీళ్ల గ్లాసు అందించాను.

"మింగన్నయ్యా."

"ఇందల సగం మీ వదిన వాటా గదే" అన్నాడు.