ఇద్దరికీ కట్టింది ఒకటే బెల్టు

నీలవేణి రెండు చేతులూ నీళ్ల టబ్బులో ఉన్నాయి. వేళ్ల మధ్య ముడతల రబ్బరు గొట్టం. లై డిటెక్టర్ పరీక్షలో మనిషి ఛాతీకి కట్టే బెల్టు అది. ఒక కొస మూసి, రెండో కొస నుంచి గాలి కొట్టింది. అతుకు దగ్గర చిన్న చిన్న బుడగలు వరసగా లేచాయి.

"ఇగో సార్, దొరికింది."

స్టూలు మీద కూర్చున్న ఎస్సై రాఘవేంద్ర వంగి చూశాడు. "గింతేనా అక్కా? సైకిల్ పంచరు లెక్కున్నది."

నీలవేణికి ఈ పని ఎవరూ నేర్పలేదు. నాచారం ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసే రోజుల్లో, దవాఖానా వాళ్లు పారేసిన బీపీ మిషన్‌ను విప్పి, బిగించి నేర్చుకుంది. ఇప్పుడు ఉప్పల్ నుంచి మౌలాలి దాకా క్లినిక్కుల మిషన్లు ఆమె దగ్గరికే వస్తాయి. ఏది చెడిందో, దాంతో ఏం తేడా వస్తుందో అట్టముక్క మీద రాసి కట్టనిదే ఏ మిషన్‌నూ గడప దాటనివ్వదు.

"ఎప్పటిసంది తేడా?" పెన్ను తీస్తూ అడిగింది.

"సోమవారం. మా స్టేషన్ స్టోర్ రూముల సెల్‌ఫోన్ పోయింది. తాళంచెవి ఇద్దరి దగ్గరుంటది. మా కానిస్టేబుల్, ఊడ్చే హన్మయ్య. టెస్టు జేస్తే ఇద్దరిదీ అబద్ధమనే వచ్చింది. మావోడు గసొంటోడు కాదు. మిషన్ ఖరాబైందని తెచ్చిన."

"మరి హన్మయ్య?"

"సోమవారంసంది లోపలికి రానిస్తలేం. రేపు పనిల నుంచే తీసేస్తున్నం. టెస్టుల దొరికిండు గద."

నీలవేణి పాత అతుకు కోసి కొత్తది బిగించింది. "ఒక్కటే దినం, ఒక్కటే బెల్టు. కానిస్టేబుల్‌కు ఖరాబయింది, హన్మయ్యకు మంచిగ నడిచిందా సార్?"

ఆమె బెల్టు తుడిచి, పట్టుకుని లేచింది.

"బాగు జేసినంక తెచ్చినోళ్ల మీదనే పెట్టి సూస్త. చేతులు లేపుండ్రి."

"నాకెందుకక్కా?"

"భయమా?"

బెల్టు కట్టి, వేళ్లకు వైర్లు తగిలించింది. "ఇయ్యాల ఉప్పల్ చౌరస్తల హెల్మెట్ పెట్టుకున్నరా?"

"పెట్టుకున్న."

తెర మీద గీత ఎగిరి పడింది. రాఘవేంద్రకే నవ్వాగలేదు. "నువ్వట్ల సూస్తుంటే ఎవనికైన గుండె కొట్టుకుంటది. దీన్ని పట్టుకొని నన్ను దొంగంటవా? ఇది కోర్టుల గూడ సాక్ష్యం కాదు."

"గా మాట హన్మయ్యకు ఎవరన్న చెప్పిన్రా?"

నవ్వు సగంలో ఆగింది. ఆమె అట్ట మీద రాసింది: "అతుకులో గాలి లీకు. సోమవారం ఈ బెల్టు కట్టుకున్న ఎవరి రీడింగూ నమ్మదగింది కాదు."

"సర్వీసు జేసినమని రాస్తే సరిపోదా?"

"గట్లయితే టబ్బుల చేతులు పెట్టుడెందుకు సార్?"

ఆయన అట్టను రెండుసార్లు చదివాడు. సంతకం చేసి, ఫోన్ తీశాడు.

"హన్మయ్యా, రేపు డ్యూటీకి రా. మిషన్‌దే తప్పు. మీ ఇద్దరి రిపోర్టులూ కొట్టేస్తున్న."

అవతలి గొంతు గది అంతా వినిపించింది. "ఆరింటికే వస్త సార్. నాల్గు దినాలసంది ఎవలు ఊడుస్తున్నరో ఏమో, మస్తు దుమ్ముంటది."

నీలవేణి, రాఘవేంద్ర ఇద్దరూ నవ్వారు. ఆమె బెల్టు చుట్టి పెట్టెలో సర్దింది. అట్టను దారంతో బిగించి కట్టి, పెట్టె ఆయన చేతికిచ్చింది.