ఎర్రబడని చుక్క

పరాయి దేశాలవాళ్ల మీద సౌదీ సర్కారు వేసిన లెవీల దెబ్బకు హుఫూఫ్ ఊళ్లో మా ఆఫీసు సగం ఖాళీ అయిన రోజులవి. స్థానికులకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ చట్టం ప్రకారం కంపెనీలో సౌదీలు చాల్లేదని కొందర్ని పంపేశారు. కుటుంబాల మీద లెవీ భరించలేక మరికొందరు వాళ్లంతట వాళ్లే వెళ్లిపోయారు. నలుగురం ఉండే గదిలో నేనొక్కణ్ణే మిగిలాను. నా అంత లెక్కలవాడు ఆ ఎడారిలో లేడని నా నమ్మకం (కాదని చెప్పడానికైనా పక్కన మనిషి లేడు).

మందులకు లొంగని క్రిములు మనిషి నుంచి మనిషికి ఎలా పాకుతాయో ఒక ఆసుపత్రి కోసం కంప్యూటర్లో లెక్కగట్టడం మా పని. తెర మీద ఒక్కో మనిషీ ఒక్కో పచ్చ చుక్క. క్రిమి అంటితే ఎరుపు. ముందు మన ఆఫీసువాళ్లతోనే చూద్దామని, రోజూ ఎవరెవరితో చేయి కలుపుతారని మా పనికి పెద్ద అయిన ఈజిప్టు డాక్టరుగారు అందర్నీ అడిగారు. "ఎవరితోనూ లేదు సార్" అన్నాను నేను. లెక్క నడిపితే అందరూ ఎర్రబడ్డారు. మూలన నా చుక్క ఒక్కటే పచ్చగా నిగనిగలాడుతోంది.

"ఇతను ఏ మందు వేసుకున్నాడయ్యా?" అన్నారు డాక్టరుగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వుతూనే, క్రిమి అంటినవాళ్లను చూసి లోలోపల కుళ్లుకున్నాను. "ఇలాంటి మనిషి ఉంటాడంటే ఆసుపత్రివాళ్లు నమ్మరు. ఈ పని పోతే ఆఫీసు మూతే. వెళ్లి నలుగురితో కలువు" అన్నారాయన.

మర్నాటి నుంచి కనపడ్డవాడికల్లా చేయి ఇచ్చాను. బకాలా అనే కిరాణా కొట్టతను చిల్లరిస్తున్నాననుకుని అరచేయి చాచాడు. ఆఫీసు వ్యాను నడిపే కడప భాయ్ మాత్రం నాలుగు రోజులు ఊరుకుని అడిగేశాడు:

"ఏం సార్, దినామూ సెయ్యి పట్టుకుంటాండారు, నాతో ఏమన్నా పనుందా?"

"లెక్క కోసం భాయ్."

"లెక్కకైతే సెయ్యి సాలు. మాట్లాడే మనిషి కావల్లంటే ముందరికొచ్చి కూసోండి."

వెళ్లి కూర్చున్నాను. ఎన్నాళ్లుగానో నోట్లో నానిన తెలుగంతా దారి పొడవునా కక్కేశాను. ఆయన స్టీరింగు మీంచి కళ్లు తీయకుండా "ఊఁ" కొడుతూనే ఉన్నాడు.

ఆ వారంలోనే ఎవరి చేతి పుణ్యమో, జలుబూ జ్వరమూ పట్టుకున్నాయి. వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేశాను. "సార్, నేను ఎర్రబడ్డాను!"

"సంతోషం. జలుబుకి యాంటీబయాటిక్స్ మాత్రం మింగకు, మన లెక్కకే తలవంపులు" అన్నారు.

సాయంత్రం భాయ్ ఫ్లాస్కు నిండా మిరియాల చారు తెచ్చాడు. "దూరంగా కూర్చో భాయ్, అంటుకుంటుంది" అన్నాను. "అంటుకోనీండి సార్" అంటూ దగ్గరికే జరిగాడు.

కొన్నాళ్లకు ఆయనా మళ్లీ రాకుండా ఫైనల్ ఎగ్జిట్ వీసా మీద ఊరికి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఎవరైనా "అయ్యో, నా జలుబు మీకు అంటించానే" అని నొచ్చుకుంటే, పర్వాలేదని పెద్దమనిషి తరహాలో తల ఊపుతాను. లోపల ఆనాటి పచ్చ చుక్క కుర్రాడు ఎంత సంబరపడుతుంటాడో వాళ్లకేం తెలుసు!