ఆ కార్డు మీద చేతిరాత నాదే

దెయ్యాల మాటెత్తితే నేను ఒంటికాలి మీద లేచేదాన్ని. కోటబొమ్మాళి నుంచి మా అమ్మ పంపిన తాయెత్తుని సొరుగులో పడేసిన మనిషిని. అలాంటి నేనే ఇది రాస్తున్నాను కాబట్టి, జరిగింది జరిగినట్టే రాస్తాను. నమ్మమని ఎవరినీ బతిమాలను.

2016 నాటికి విశాఖ ఎయిర్‌పోర్టులో చెకిన్ కౌంటర్ దగ్గర రెండేళ్లుగా పనిచేస్తున్నాను. అప్పట్లో విదేశాలకు వెళ్లే ప్రతివాళ్లూ ఒక చిన్న కార్డు నింపి ఇమిగ్రేషన్‌లో ఇవ్వాలి. పేరు, ఊరు, పాస్‌పోర్టు నంబరు, ఏం పని మీద వెళ్తున్నారు, ఇవీ వివరాలు. మా శ్రీకాకుళం వైపు నుంచి గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లలో చాలామందికి చదువు రాదు. కార్డు చేతిలో పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడేవారు. నేను మన మాటలో పలకరించి రాసిపెట్టేదాన్ని. మంచిపని చేస్తున్నానని నాకు లోలోపల కాస్త గొప్పగానే ఉండేది.

వాళ్లలో కొందరిని పంపేది మా మేనమామ. పాతపట్నంలో ఆయనకి ఫొటోలు, జిరాక్సుల కొట్టు ఉంది. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. ఈ ఉద్యోగం ఇంటర్వ్యూకి బండి మీద తీసుకొచ్చి, నేను బయటికి వచ్చేదాకా ఎండలో నిలబడ్డాడు. మనుషుల్ని పంపే ముందు ఫోన్ చేసేవాడు.

“ఒలే గుంటా, మనోళ్లొస్తన్నారు. సదువు రాదు. కార్డు రాసీ, బెదిరిపోకుండా సూడు.”

ఆ వానాకాలంలో ఒక సోమవారం మాకు శిక్షణ పెట్టారు. మనుషుల్ని మోసం చేసి విమానాల్లో దాటించేవాళ్లని ఎలా గుర్తుపట్టాలన్నది పాఠం. కౌంటర్ వాళ్లం, సెక్యూరిటీ, ఊడ్చే ఆడవాళ్లు అందరం కూర్చున్నాం. చెప్పింది పోలీసు ఉద్యోగం చేసి రిటైరైన ఒక మేడం. పాస్‌పోర్టులన్నీ ఒకే కవర్లో వస్తాయంది. ఏమడిగినా అందరూ ఒకే జవాబు చెబుతారంది. కార్డులన్నీ ఒకే చేతిరాతతో ఉంటాయంది.

“లోపల తెలిసిన మనిషి ఒకరుంటారు. చాలాసార్లు ఆ మనిషికే సంగతి తెలీదు” అంది.

నాకు కడుపు మండింది. మా మావ గురించి ఈవిడకేం తెలుసు అనుకున్నాను. ఆ ఉదయమే ఆయన ఫోన్ చేశాడు, గురువారం ముగ్గురు వస్తున్నారని.

తర్వాత అభ్యాసం. ఇద్దరిద్దరం ఎదురెదురుగా కూర్చుని, ఒకరు ప్రయాణికురాలిగా, ఒకరు సిబ్బందిగా ప్రశ్నలు అడగాలి. నా జోడీ అమ్మాయి ఫోన్ వచ్చిందని బయటికి వెళ్లింది. ఆ ఖాళీ కుర్చీలో ఒకావిడ వచ్చి కూర్చుంది. నీలం వాయిల్ చీర, తడి తల. ఊడ్చేవాళ్లలో ఒకరు అనుకుని ప్రశ్నలు మొదలుపెట్టి ఖాళీ కార్డు మీద రాసుకుంటూ పోయాను.

పేరు అప్పలనరసమ్మ అంది. ఊరు అడిగితే శ్రీకూర్మం దగ్గర ఒక బెస్తపల్లె పేరు, సందు గుర్తుతో సహా చెప్పింది. పాస్‌పోర్టు ఎవరి దగ్గరుందంటే, “నా కాడ నేదమ్మా, ఆళ్లు లాక్కున్నారు” అంది. ఎవరు పంపారని అడిగాను.

“మీ మావే గదా. కార్డు నువ్వే గదమ్మా రాసినావు.”

తల ఎత్తేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. నా జోడీ అమ్మాయి అప్పుడే తలుపు తోసుకుని లోపలికి వస్తోంది.

మేడం తానెవరినీ పంపలేదంది. ఊడ్చేవాళ్ల సూపర్‌వైజరు తన మనుషులందరినీ చూపించాడు, ఆవిడ లేదు. పక్క బల్ల వాళ్లు నేను తల వంచుకుని రాయడం చూశారు గానీ, ఎదురుగా ఎవరినీ చూడలేదు. కార్డు మాత్రం ఉంది. నీలం ఇంకు, నా రాత.

బుధవారం నాకు సెలవు. కార్డు పట్టుకుని శ్రీకాకుళంలో బస్సు మారి ఆ ఊరు వెళ్లాను. అలాంటి మనిషే లేదని తేలిపోతే బాగుండునని దారంతా అనుకున్నాను. సందు ఉంది. ఇల్లు ఉంది. గుమ్మంలో ఎండుచేపలు ఏరుతూ అప్పలనరసమ్మ తల్లి ఉంది.

కూతురు వెళ్లి ఏడాది దాటిందట. రెండు నెలలు ఫోన్లు వచ్చాయి, ఆ తర్వాత ఏ కబురూ లేదు. మా మావని అడిగితే ఇల్లు మారి ఉంటుందన్నాడట. నేనెవరో చెప్పాను. ఆవిడ చేతిలో చేప కింద పెట్టి నన్నే చూసింది.

“ఏర్‌పోర్టులో గుంటవి నువ్వేనేటి? మా మేనకోడలుంది, బయమేటని సెప్పినాడమ్మా. నీ పోటో సూపించినాడు. నిన్ను సూసే పంపినాం.”

నా యూనిఫాం ఫొటో అది. ఉద్యోగం వచ్చిన రోజు ఆయన కొట్లోనే తీశాడు.

బస్టాండు నుంచి ఫోన్ చేశాను. అప్పలనరసమ్మ ఇంటికి వెళ్లానని చెప్పాను. ఆమె ఏమైందో ఆయన అడగలేదు.

“ఆ ఇల్లు నీకెవులు సూపించినారే?” అన్నాడు. పోలీసులకి చెబుతానన్నాను. నవ్వాడు. “సెప్పు. కార్డులన్నీ నీ రాతే గదే.”

నమ్మించి గొంతు కోయడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. నన్ను చదివించిన మనిషి, నా చదువునే నా మెడకి చుట్టాడు.

అయినా ఆ సాయంత్రమే మేడంకి ఫోన్ చేసి అంతా చెప్పాను. గురువారం ఆ ముగ్గురినీ గేటు దగ్గరే ఆపారు. ఒకామె తన పొట్ట కొట్టానని నన్ను తిట్టిపోసింది. మావ మీద కేసు పడింది. నన్నూ నాలుగుసార్లు పిలిచి విచారించి వదిలారు. తన అన్నని జైలుకి పంపానని అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. నేను కార్డులు రాసిపెట్టినవాళ్లలో ఎంతమంది ఇళ్లకి చేరారో, ఎంతమంది చేరలేదో ఈ రోజుకీ నాకు తెలియదు. అప్పలనరసమ్మ కార్డు రాసిన సంగతీ గుర్తులేదు. దానికి సిగ్గుపడని రోజు లేదు.

ఆ చిరునామా ఎలా దొరికిందని ఇన్‌స్పెక్టర్ అడిగితే శిక్షణలో దొరికిందన్నాను. అంతకంటే ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు. చిత్తభ్రమ అనుకుందామంటే, చిత్తానికి సందు గుర్తులెలా తెలుస్తాయి? దెయ్యమనుకుందామంటే, ఆమె చనిపోయిందని ఎవరూ చెప్పలేదు. గల్ఫ్‌లోని ఆఫీసుల నుంచి ఇంతవరకూ ఏ సమాధానమూ రాలేదు.

ఆమె తల్లికి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. అప్పటినుంచి నెలకోసారి ఫోన్ చేస్తుంది. కేసు గురించి అడగదు, మా మావ గురించి అడగదు.

“అమ్మా, మా నరసమ్మ నీకు మళ్లీ అవుపడినాదేటి?” అంటుంది.

లేదంటాను. ఆ మాట విని ఆవిడ వదిలే ఊపిరి కూతురు బతికుందన్న ధైర్యమో, ఆ కాస్త జాడా లేదన్న దుఃఖమో నాకు తెలియదు.