ఎర్ర దారం కట్టిన బొగ్గు

“అత్తమ్మా, గా బొగ్గు తియ్యకుండ్రి. పిల్ల మొన్ననే జరంల నుంచి లేసింది.”

“కూరల బొగ్గేందే? నల్లగైతే ఎవలు తింటరు? గాలి లేదు, ధూళి లేదు. మూత పెట్టు.”

ఆ శనివారం పొద్దున సిరిసిల్లలో మా ఇంట్లో, నాకూ మా కోడలికీ జరిగిన పోట్లాట ఇది. కోడలిది రాయికల్. కోడికూర ఊరు దాటిస్తే గాలి సోకుతుందని డబ్బాలో బొగ్గుముక్క వేయడం వాళ్ళ అలవాటు. మా ఇంట్లోనూ ఉండేది, నేనే మాన్పించాను. నేను చదివింది మూడో తరగతే అయినా దయ్యాలను ఏనాడూ నమ్మలేదు. మగ్గాల షెడ్డులో ఒక్కదాన్నే కండెలు చుడుతూ ఏళ్ళు గడిపాను. ఏదీ నా జోలికి రాలేదు.

కొండగట్టు దాటాక గుట్టల కింద ఒక చెరువుంది. అక్కడ టెంటు వేసుకుని ఒక రాత్రి ఉందామన్నాడు నా కొడుకు. మా ఇంట్లో ఎవరూ అట్లా పోయింది లేదు. వాళ్ళు రాసుకున్న సామాన్ల చిట్టీలో సగం నేను కొట్టేశాను. కొత్త పరుపులెందుకు, బొంతలున్నాయి. తాడు కొనేదేముంది, షెడ్డులో ఉంది. టార్చి, నీళ్ళ క్యాను, చిన్న గ్యాసు పొయ్యి, మనవరాలి మందులు, ఒక దుప్పటి ఎక్కువ. అంతే సర్దాను.

వడ్డించేటప్పుడు తీయడం సులువని కోడలు ఆ బొగ్గుకు ఎర్ర దారం చుట్టింది. నేను దాన్ని తీసి నీళ్ళ పొయ్యిలో వేశాను. దారం కాలడం, బొగ్గు ఎర్రబడడం కళ్ళారా చూశాను. తర్వాత డబ్బాను పాత చీరముక్కలో మూటగట్టి, తెగిన పోగుకు వేసే ముడి వేశాను. ఆ ముడి మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ రాదు.

దారి పొడుగునా మూట నా ఒడిలోనే ఉంది.

చెరువు దగ్గర ఇంకా వెలుగుండగానే తినడానికి కూర్చున్నాం. ముడి నేనే విప్పాను. దగ్గరికి వండిన కూర మధ్యలో నాలుగు వేళ్ళు పెట్టి తోడినట్టు జాడ ఉంది. అడుగున స్టీలు కనబడుతోంది. పెద్ద చేయి. పిల్లది కాదు.

కారు కుదుపుకు అట్లా అయి ఉంటుందన్నాడు కొడుకు. కోడలు పిల్లను దగ్గరికి లాక్కుని, పారేద్దామంది.

“కిలో కోడి పారేస్తమా? పొద్దున ఇంటికి తీస్కపోత,” అన్నాను.

అన్నానే గాని నేనూ ముట్టలేదు. అందరం అరటిపండ్లు, బ్రెడ్డు తిన్నాం. మూటకు మళ్ళీ అదే ముడి వేసి టెంటు గుమ్మంలో పెట్టాను. పిల్లను మధ్యలో పడుకోబెట్టుకుని, దాని నుదురు ఎన్నిసార్లు తాకి చూశానో. జ్వరం తిరగబెడితే ఆ పాపం నాదే అనిపించింది.

ఇప్పటికీ నాకు ఇది అర్థం కాదు. మరునాడు పొద్దున జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను.

మూట పెట్టిన చోటే ఉంది. ముడి చెదరలేదు. ఎత్తితే తేలిగ్గా వచ్చింది. విప్పితే డబ్బా తోమి తుడిచినట్టుంది, నూనె చుక్క కూడా లేదు. అడుగున బొగ్గుముక్క, దానికి ఎర్ర దారం. ఒక మూల కొద్దిగా అరిగింది.

అప్పుడే పిల్లకు చెప్పులు తొడుగుతున్న కోడలు ఆగిపోయింది. పిల్ల ఎడమ అరికాలిలో నల్లటి దిష్టిచుక్క ఉంది.

“మీరు పెట్టిండ్రా, అత్తమ్మా?”

నేను పెట్టలేదు. తనూ పెట్టలేదంది. కొడుకు అప్పటికే టెంటు తాళ్ళు విప్పుతున్నాడు.

పిల్ల ఒళ్ళు చల్లగానే ఉంది. చాయ కూడా తాగకుండా బయలుదేరాం. ఇంట్లో ఒక్క చెంచా పోగొట్టుకోని దాన్ని, ఆ డబ్బాను గట్టు మీదే వదిలేసి కారెక్కాను.