టేబుల్ మీద బూట్లు

మా పిన్ని బూట్లు కుట్టేది. పిల్లలు లేరని ఆమె, బాబాయి వేరే దేశపు అనాథాశ్రమంలో ఉన్న ఒక పాపను పెంచుకోవాలనుకున్నారు. అధికారులొచ్చి ఇల్లంతా చూసిపోయారు. డాక్టర్లు ఒళ్లు పరీక్షించారు. వీళ్లు మంచివాళ్లేనని పోలీసులు రాసిచ్చారు. పాపను ఇస్తామని ఆ దేశమూ ఒప్పుకుంది. ఇక మన దేశంలో దత్తత ఆఫీసరు సంతకం ఒక్కటే మిగిలింది. ఆ మహానుభావుడికి తీరిక దొరకలేదు!

ఆశ్రమంవాళ్లు పాప పాదాన్ని కాగితం మీద గీసి పంపేవారు. పిన్ని ఆ కొలతకు బూట్లు కుట్టేది. సంతకం పడకముందే ఇంకా పెద్ద పాదం గీత వచ్చేది, కుట్టినవి ఇంట్లోనే ఉండిపోయేవి. మళ్లీ కుట్టేది.

చివరికి ఆఫీసరు పిలిచి, "మీకు మూడేళ్లలోపు పాపకే అనుమతి. ఈ పాపకు మూడు దాటాయి. మళ్లీ మొదట్నుంచి అప్లై చేసుకోండి" అన్నాడు చల్లగా. పెరగడం ఆ పసిదాని నేరమైనట్టు!

మర్నాడు పిన్ని సంచితో వెళ్లి, బూట్లన్నీ ఆయన టేబుల్ మీద వరసగా పేర్చింది. "మీ ఫైలు నిద్రపోతే పిల్ల కూడా పెరగడం మానేస్తుందా సార్?"

"ముందు ఆ బూట్లు తీయండమ్మా! టేబుల్ మీద పెడతారా ఎవరైనా?"

"తీస్తాను. దాని కాళ్లకు తొడగడానికే తీస్తాను" అని పిన్ని కుర్చీ లాక్కుని కూర్చుంది.