మరియమ్మ తెచ్చిన పిడికెడు బియ్యం

1985 నవంబరు 11, సోమవారం, ఉదయం ఆరు నలభైకి కొత్తపట్నం దారిలో మిరప పండించే ఒక ఊళ్లో దిగాం. వాగు పొంగి రెండు రోజులైంది. వాన ఇంకా ఆగలేదు. నేను మిలిటరీ నర్సును. వెంట రేడియో ఆపరేటరు, డ్రైవరు. చర్చి ఎత్తు మీద ఉంది గనక అక్కడే ఆస్పత్రి పెట్టమని ఆర్డరు. బెంచీలే మంచాలు.

విరేచనాలతో పంతొమ్మిది మంది. సెలైన్ సీసాలు పన్నెండు. మధ్యాహ్నానికే అయిపోయాయి. అందరిలోకీ ఖాసింబీ పరిస్థితి చెడ్డది. పత్తి తీసే కూలి మనిషి. నాడి చేతికి దొరకడం లేదు.

"సెలైన్ లారీ ఎక్కడ?"

"నల్లరేగట్లో దిగబడిందంట మేడమ్. రేపటిగ్గానీ రాదు" అన్నాడు ఆపరేటరు.

గుమ్మానికీ ఆమె బెంచీకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. ఉప్పేసిన గంజి పట్టిస్తే తెల్లారేదాకా నిలుస్తుందేమో. ఊళ్లో బియ్యమంతా తడిసి ముక్కిపోయింది.

అప్పుడు మరియమ్మ చర్చి వెనక గదిలోంచి బియ్యం కుండ తెచ్చింది. ఆమె మిరపకోతల ముఠా మేస్త్రి. మా వైపు క్రైస్తవ సంఘాల్లో ఆడవాళ్లు వండేముందు ఒక పిడికెడు బియ్యం దేవుడికని తీసిపెడతారు. ఆదివారం చర్చిలో పోస్తారు. మా అమ్మా తీసేది. వాటిని ఇంట్లో ఎవరూ ముట్టరు. కుండ అందుకోబోయి ఆగాను.

"దేవుడి బియ్యం గదా మరియమ్మా?"

"దేవుడేనాడు తిన్నాడు తల్లీ? ఇన్నేళ్లూ తిన్నది పాస్టరుగారేగా!"

బెంచీలు తుడుస్తున్న పాస్టరుగారు తలెత్తారు. "నా పొట్ట చూస్తే తెలియట్లా? ముందు పొయ్యి వెలిగించు."

ఖాసింబీ తల తిప్పేసింది. "వద్దక్కా, అంతా బయటికే పోతంది."

"పోతే పోనియ్యే. మళ్లీ పోస్తా."

పోసింది. చెంచా చెంచాగా. బట్టలు మార్చింది, ఉతికింది, మళ్లీ పోసింది. పాస్టరుగారు ప్రార్థన చేద్దామన్నారు.

"మీరు కానియ్యండయ్యా. నాకు చేతులు ఖాళీ లేవు."

మర్నాడు ఎనిమిదింటికి నాడి నా వేలికి తగిలింది. పదకొండింటికి లారీ వచ్చింది.

పదహారున గుంటూరు మీదుగా వెనక్కి వచ్చేశాం. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే మరియమ్మ ఎడమ చెయ్యి కనిపిస్తుంది. కారిన గంజి మెడ మీదికి పోకుండా ఖాసింబీ గడ్డం కింద దొప్పలా పట్టిన చెయ్యి. మిరపకాయల మంటకు వేళ్లు ఎర్రగా పగిలి ఉన్నాయి.

ఆ ఊరికి పోయినవి: గేదెలు పదకొండు, మిరప తోటలన్నీ, మనుషులు ఇద్దరు. ఖాసింబీతో కలిపి ముగ్గురని నేను ముందే లెక్కేసుకున్నాను.