మేతకి చీటీలు

సుదీప్‌కి ఒళ్లు మండిపోతోంది. ఫరంపేటలో హారిక మేడమ్ ఇంట్లో బల్ల మీద రెండు పుస్తకాలున్నాయి. రెండూ రిగ్రెషన్, ఎనోవా అనే స్టాటిస్టిక్స్ లెక్కల మీదే. ఆవిడ కాలేజీలో ఆ సబ్జెక్టే చెబుతుంది. డిగ్రీ మధ్యలో మానేసిన సుదీప్, దొరికిన పుస్తకమల్లా చదువుతూ తనకు తానే నేర్చుకుంటున్నాడు.

"ఈ గైడు పట్టుకెళ్లు. పరీక్షకి ఇది చాలు," అందావిడ.

"నేను పరీక్ష రాయట్లేదు మేడమ్. మా నాన్నని ఆపాలి."

దరియాలతిప్పలో వాళ్ల నాన్న వీరబాబు రొయ్యల చెరువులు కౌలుకి చేస్తున్నాడు. పోయిన పంటకి డీలరు కొత్త మేత తెచ్చి ఒక్క చెరువులో వేయించాడు. అక్కడ రొయ్య బాగా ఎదిగింది. అంతే, ఈసారి అన్ని చెరువులకీ అదే మేతంటున్నాడు వీరబాబు. ఆ చెరువు మోటారు పక్కది. కొత్త నీళ్లు ముందు దానికే పడతాయి. ఏ మేత వేసినా ఏటా రొయ్య ముందు ఎదిగేది అక్కడే. దాన్ని ఏరుకున్నది డీలరే.

సుదీప్ గైడు తిరగేశాడు. అంకెలిచ్చారు, సూత్రమిచ్చారు, జవాబిచ్చారు. ఆ అంకెలు ఎక్కడివో, ఎవడు ఏరాడో ఒక్క ముక్క లేదు. ఇదే మింగించి పిల్లల్ని పాస్ చేయించి పంపుతున్నారు. డీలర్లకి ఇంకేం కావాలి? విసిరికొట్టాలనిపించింది.

రెండో పుస్తకానికి అట్ట ఊడిపోయింది. అందులో లెక్కల కంటే ముందే ఒక మాట ఉంది: దేనికి ఏది వెయ్యాలో నువ్వు ఎంచకు, చీటీలు తియ్యి. వచ్చింది నచ్చలేదని మళ్లీ తియ్యకు.

దాన్నే ఇంటికి పట్టుకెళ్లాడు.

"మేతకి చీటీలేంట్రా? పిచ్చిగానీ పట్టిందా?" వీరబాబు పకపకా నవ్వాడు.

"ఏట్లో వల వేసే చోట్లకి చీటీలెందుకేస్తారు నాన్నా?"

"మంచి చోటు ఎప్పుడూ ఒకడే కొట్టెయ్యకూడదని."

"మరి నీ డీలరు మోటారు పక్కది కొట్టేశాడుగా! నువ్వేమో చూస్తా కూర్చున్నావ్."

వీరబాబు నవ్వు ఆగింది. మోటారు పక్క చెరువు వైపు తిరిగి చూశాడు.

"సర్లే, ఏడవకు. సగం చెరువులకి పాతది, సగానికి కొత్తది. రాయి చీటీలు."

కొత్త మేతకి వీరబాబే మొదటి చీటీ తీశాడు. అందులో మోటారు పక్క చెరువే వచ్చింది.

"చూశావా, దేవుడు కూడా డీలరు పక్షమే!" అని తొడ చరిచాడు. సుదీప్ మొహం చూసి గొంతు తగ్గించాడు. "మళ్లీ తీద్దామా? ఎవడూ చూళ్లేదులే."

సుదీప్‌కి డీలరు మీద, తండ్రి మీద, ఆ అట్టలేని పుస్తకం మీద కూడా కోపం ముంచుకొచ్చింది.

"వద్దు," అన్నాడు పళ్లు కొరుకుతూ. "మిగతావి తియ్యి."